మందను పిలిచే పెదవి

పోయిన నెల రేగొండ నుంచి ఫోను వచ్చింది. చేసింది గొర్రెల కాకా భార్య. వానలు, ఆరోగ్యాలు, ఇంటి సంగతులు ఏమీ లేవు. సూటిగా చెప్పింది.

"సారూ, మా ఆయన పోయిండు. మూతికి కాదు, గుండెకు."

ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. ఆ ఆలస్యాన్ని ఆమె ఇంకోలా అర్థం చేసుకుంది.

"మూతి మంచిగనే ఉండె సారూ. పొద్దుగాల జొన్నరొట్టె తిన్నడు. నీ మీదికి మాట రావద్దని ముందే చెప్తున్న."

భర్త పోయిన ఇంట్లో కూచుని, ఎక్కడో జనగామలో ఉన్న ల్యాబు టెక్నీషియన్ పరువు కోసం ఆలోచించేవాళ్లు ఉంటారని నాకు అప్పటిదాకా తెలియదు. ఆయనతో అన్నేళ్లు కాపురం చేస్తే అలా తయారవుతారేమో. ఆయనా అంతే. మనకు రాని అనుమానాలు ముందే తీర్చేసేవాడు. మనకున్న అనుమానాలు మాత్రం మనకే వదిలేసేవాడు.

మనుషుల నుంచి కోసి పంపిన ముక్కలను మైనంలో పెట్టి, ఉల్లిపొర కన్నా పలుచగా తరిగి, గాజు పలక మీద అతికించి, రంగు వేయడం నా పని. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేశానని చెబితే మా ఊరు మరిపెడలో "అయితే షుగర్ చూస్తవా" అని వేలు చాపుతారు. చాలాకాలం వివరించాను. ఇప్పుడు షుగర్ చూసే మిషను ఒకటి కొనుక్కున్నాను.

ఆయన గొర్రెలు కాసేవాడు. వయసు అరవై దాటి ఉంటుంది. ఆధార్ కార్డు మీద ఎంతుందో చెప్పి, "గది వాళ్ల లెక్క" అనేవాడు. నల్లని మనిషి, ఎండలో మెరిసేంత నలుపు. కింది పెదవి ఒక్కటే తెల్లన. చిన్నతనంలో అక్కడ బొల్లి వచ్చి రంగు పోయింది. చర్మంలో నలుపు అనేది పుట్టుకతో వచ్చిన గొడుగు. ఆయనకు ఆ గొడుగు ఒళ్లంతా ఉండి, పెదవి మీద మాత్రం చిరిగింది. ఆ చిరుగులోంచి యాభై ఎండాకాలాలు ఎండ దిగింది.

"నా మూతి ఒక్కటే తెల్లదొరల సీమకు పోయొచ్చింది సారూ. తతిమ్మదంత రేగొండలనే ఉన్నది" అనేవాడు.

మాట్లాడే ముందు బొటనవేలితో కింది పెదవిని ఒకసారి నొక్కి చూసుకునేవాడు. తలుపుకు గొళ్లెం పెట్టామో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వచ్చి చూసేవాళ్లు ఉంటారే, అలా. ఉందని నమ్మకం కుదిరాక మాట మొదలయ్యేది. రెండో అలవాటు లెక్క. ఎక్కడ కూచున్నా కళ్లతోనే జంటలు జంటలుగా మనుషులను లెక్కపెట్టేవాడు. మా ల్యాబు బయట బెంచీల మీద కూచుని ఒకసారి అటెండరుతో అన్నాడు: "ఇరవై ముగ్గురున్నరు. ఎర్రచీర ఆమె బయటికి పోయింది గని మల్ల వస్తది. పిలుస్తె ఆగు." ఆమె నిజంగానే చాయ్ తాగి వచ్చింది. మాకు టోకెన్ మిషను ఉంది. అది ఇంత చెప్పదు.

కొన్నేళ్ల క్రితం మొదటిసారి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఒక చిన్న సీసా ఉంది.

పెదవి మీద పొలుసులు లేచి, పగిలి, ఒకచోట మానని పుండు పడితే భూపాలపల్లిలో ఒక దంతాల డాక్టరు అక్కడి నుంచి గోరంత ముక్క తీశాడు. ఆ డాక్టరు మా మేడం దగ్గర చదువుకున్నవాడు. మా మేడం పెథాలజిస్టు. ప్రోటీన్లకు రంగు వేసి చూడటం ఆమెకు పని మాత్రమే కాదు, ఇష్టం కూడా. అందుకని దారిలో ఎన్ని ల్యాబులు ఉన్నా ముక్కను మాకే పంపాడు. మోసుకొచ్చింది ముక్క యజమానే. రేగొండలో ఎక్కి, పరకాలలో దిగి, హనుమకొండలో మారి, జనగామకు మూడు బస్సులు.

సీసా మూత తీశాను. లోపల ఫార్మాలిన్ ఉండాలి. ముక్క చెడిపోకుండా కాపాడే ద్రవం అది. నీళ్లలా ఉంటుంది, ముక్కు బద్దలయ్యే వాసన వేస్తుంది. నాకు కనిపించింది పచ్చని ముద్ద. వాసన వంటింటిది.

"ఏంది కాకా ఇది?"

ఆయన పెదవి నొక్కి చూసుకున్నాడు. "నా మూతి."

"అది తెలుసు. దీంట్ల మందు ఉండె గద?"

"ఉండె. పాడైంది సారూ. పరకాలల మూత తీసి చూస్తె కండ్లల్ల నీళ్లు కారినయి. మాంసం గంత కంపు కొడ్తె ఇంకేమున్నది? పారబోసిన. హోటలాయనను జర ఉప్పు, పసుపు అడిగి పట్టిచ్చిన. ఎండకు ఎండబెడ్దునంటె బస్సు కదిలింది."

అక్కడ నవ్వితే బాగుండేది కాదు. నవ్వాను. ఆయన కూడా మర్యాదకు నవ్వి, "ఎందుకు నవ్వుతున్నం?" అని అడిగాడు.

ఆయన చేసిన దాంట్లో ఆయన లెక్కన తప్పు లేదు. మా వైపు ఏ ఇంట్లోనైనా మాంసం మిగిలితే ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఆరేస్తారు. ఒట్టి తునకలు అంటాం. ఆరు నెలలు నిలవుంటాయి, వానాకాలం వండుకుంటే ఊరంతా తెలుస్తుంది. మాంసం చెడకూడదన్నదే అక్కడా ఇక్కడా సూత్రం. తేడా ఒక్కటే. తునకకు రుచి మిగిలితే చాలు. మాకు ప్రోటీన్లు ఉన్నచోట ఉన్నట్టు మిగలాలి. ఉప్పు కణాల్లో నీళ్లు లాగేసింది; అన్నీ ముడుచుకుపోయాయి. అయినా ప్రయత్నం చేసి పలక మేడం ముందు పెట్టాను. ఆమె ఒక నిమిషం చూసి, తల ఎత్తి, "ఇది నా సబ్జెక్టు కాదు, వంట" అంది.

మళ్లీ ముక్క తీయాలని బయటికి వచ్చి చెప్పాను.

"నా మూతి ఎంతుంటది సారూ? మీరు గిట్ల తునకకో తునక అడుగుతె?"

"తప్పు మాది గాదు గద కాకా."

"హోటలాయనది" అన్నాడు ఆయన. "ఉప్పు ఎక్కువేసిండు."

ఇంకో ముక్కకు ఒప్పుకోవడానికి రెండు షరతులు పెట్టాడు. ఈసారి తీసేది ఇక్కడ మా కళ్లముందే తీయాలి. తీసినదాన్ని తనకు చూపించాలి. రెండూ న్యాయంగానే ఉన్నాయి. మూడోది షరతు కాదు, తగాదా. డాక్టరు పంపిన కాగితం నా చేతికి ఇచ్చి చదవమన్నాడు. చదివాను. పేరు, ఊరు, వయసు, పొగ అలవాటు: బీడీ.

"ఆగు" అన్నాడు. "బీడి అని ఎవరు చెప్పిండ్రు?"

"రాసుంది కాకా."

"నన్నడిగిండు. లేదన్న. నా మూతి దిక్కు చూసిండు, రాసుకున్నడు. నేను చెప్తె నమ్మలె, మూతి చెప్తె నమ్మిండు."

నేను కూడా పది నిమిషాల క్రితం అదే అడిగి, అలాగే చూశాను. ఆ సంగతి ఆయన మరచిపోయి ఉంటాడని ఆశపడ్డాను.

"నువ్వు గుడ గట్లనే చూసినవ్" అన్నాడు ఆయన. "గడ్డి ఎండిన అడివిల మూడువందల జీవాలను పెట్టుకోని అగ్గిపెట్టె జేబుల పెట్టుకుంటరా ఎవలన్న? ఒక్క బీడి ముక్క చాలు, మంద బూడిదయితది. మా నాయిన తాగలె, నేను తాగలె. గది కొట్టెయ్."

వేరే డాక్టరు రాసింది నేను కొట్టేయకూడదని చెప్పాను. అయితే నీ కాగితం మీద సక్కగ రాయి అన్నాడు. మా ఫారంలో రాశాను: పొగ అలవాటు లేదు, చిన్నప్పటి నుంచి ఎండలో పని.

"ఎండ అని రాసినవా?"

"రాసిన."

"రొండుసార్లు రాయి. ఒకటి ఎవలన్న కొట్టేసినా ఇంకోటి ఉంటది."

రెండుసార్లు రాశాను. ఆ ఫారం చూసిన మేడం ఏమీ అనలేదు. రెండోది మాత్రం ఎర్ర ఇంకుతో సున్నా చుట్టింది.

ఆయనకు అసలు భయం పుండు గురించి కాదని నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. ఊళ్లో ఎవరో చెప్పారట, ఈ రోగమైతే పెదవిని మూడు మూలల ముక్కగా కండతో సహా కోసేస్తారని. "కోస్తె అన్నం తినస్తదా?" అని అడుగుతాడనుకున్నాను. "కోస్తె పిలుపు వస్తదా?" అని అడిగాడు.

"ఏం పిలుపు?"

చెప్పడం కన్నా చేయడం సులువనుకున్నాడేమో. లేచి నిలబడి, పెదవులు కలిపి, ఊపిరి వదిలాడు. బుర్ర్ర్ అని ఒక మోత. తబలా మీద వేలితో రాసినట్టు మొదలై, చివర పైకి లేచి తెగింది. బెంచీల మీద ఉన్న ఇరవై మందీ ఆయన వైపు తిరిగారు. మేడం తలుపు తెరిచి చూసి, మళ్లీ మూసింది.

"గిది" అన్నాడు. "ఎండకాలం అడివిల నాలుగైదు మందలు ఒక్క మడుగుకాడికే నీళ్లకొస్తయి. అన్నీ కలిసిపోతయి. ఎవలియి ఎవలియో దేవునికి గుడ తెల్వది. అప్పుడు ఒక్కొక్కడు ఒక్కో దిక్కు నిలవడి పిలుస్తడు. నా పిలుపు నా జీవాలకే ఎరుక. కింది పెదివి కొట్టుకుంటెనే గది వస్తది. గిది పోతె ఇంక నేను గొర్లకాపరిని గాదు సారూ, గొర్లెంబడి తిరిగే ముసలోన్ని."

నేను ఇంటికి వెళ్లాక అద్దం ముందు ప్రయత్నించాను. మా ఇంట్లో వాళ్లు జలుబు చేసిందా అని అడిగారు.

రెండో ముక్కను ఎవరూ వండలేదు. పద్ధతిగా ఫార్మాలిన్‌లో నానింది, మైనంలోకి ఎక్కింది, పలుచగా తెగింది. ముందు మామూలు రంగు వేశాం. చర్మం కింది నారపోగులు ఉండాల్సిన గులాబి రంగులో లేవు. చెడిపోయి, నీలి బూడిదరంగు పట్టీలా ఉబ్బి ఉన్నాయి. ఏళ్ల తరబడి ఎండ తిన్న పెదవి వేసే సంతకం అది. ఆ పట్టీ వేయడం బీడీకి చేతకాదు. మేడం చూసి, "ఆయన చెప్పిందే నిజం, ఎండ పనే" అంది. మళ్లీ వచ్చినప్పుడు ఈ మాట చెబితే ఆయన అరచేత్తో తొడ మీద కొట్టుకున్నాడు. రోగం ఉందో లేదో ఇంకా చెప్పలేదు. ఆయనకు తొందర లేదు.

"అయితె నాకు సాచ్చెం దొరికింది" అన్నాడు.

ఆ రోజు భార్య కూడా వెంట వచ్చింది. బక్కపలుచని మనిషి. గొంగడి మడత భుజాన వేసుకుని, గోడకు ఆనుకుని, ఎవరూ అడగనిదే మాట్లాడనన్నట్టు నిలబడింది. ఆమె అలా చాలాసేపు నిలబడగలదని తరువాత అర్థమైంది.

షరతు ప్రకారం ఆయనను మైక్రోస్కోపు ముందు కూచోబెట్టాను.

"ఎంటికలు కనవడ్తున్నయి సారూ."

"అవి నీ కనురెప్పలయి కాకా. ఇంకా దగ్గరికి రా. కన్ను ఆనియ్యి."

చాలాసేపటికి దారి దొరికింది. కణాలు వరుసలు వరుసలుగా. ఒక్కో కణం నడుమ నీలం గింజ. కొన్ని గింజలు మాత్రం ముదురు గోధుమరంగు.

ఆ గోధుమరంగు గురించే మా మేడం ఉద్యోగం, నా ఉద్యోగం. ప్రతి కణంలో ఒక కాపలా ప్రోటీను ఉంటుంది. పేరు పి-53. కణానికి దెబ్బ తగిలితే దాని పెరుగుదల ఆపేది అదే. మామూలుగా పని చేసి వెంటనే కరిగిపోతుంది కాబట్టి రంగు వేసినా పెద్దగా దొరకదు. ఎండ ఆ కాపలానే చెడగొట్టిందనుకోండి, అది పని చేయదు, వెళ్లిపోదు. రిటైరైనా కుర్చీ ఖాళీ చేయని ఆఫీసరులా గింజలో పేరుకుపోతుంది. రంగు దానికే అంటుకుంటుంది.

ఆయనకు ఆఫీసర్లతో పరిచయం లేదు కాబట్టి ఇంకోలా చెప్పాను. "కాపలాకు పెట్టిన కుక్క మొరుగుడు బంద్ చేసి, గడపకు అడ్డం పండుకున్నట్టు కాకా."

"మా తమ్మునికాడ ఉన్నది అసొంటిది" అన్నాడు, కన్ను తీయకుండా. "అయితె గిది ఉంటె ఆ రోగమేనా?"

"కాదు. ఎండకు కాలిన పెదివిల రోగం లేకున్నా కనవడ్తది."

"మరి చూసుడెందుకు?"

"ఇది ఒక్కటే చూడం. ఇంకోటి ఉంది."

పలక మార్చాను. రెండో గుర్తు కేఐ-67. కొత్త కణాలను పుట్టించే పనిలో ఉన్న కణాల్లోనే అది ఉంటుంది. పెదవి పొరలో ఆ పని అడుగు వరుసలకే పరిమితం. పైకి వచ్చిన కణం పెద్దరికం తెచ్చుకోవాలి, పిల్లల్ని కనడం మానాలి.

"ఈనేటియి కిందనే ఉండాలె కాకా. పై వరుసలకొచ్చినంక బంద్."

ఆయన చూశాడు. పలకను నేను కదుపుతుంటే ఆయన పెదవులు కూడా కదిలాయి. జంటలు జంటలుగా లెక్కపెడుతున్నాడని అర్థమైంది.

"పై దొడ్లె గుడ ఈనుతున్నయి గదా" అన్నాడు.

"ఈనుతున్నయి."

"నువ్వు లెక్కవెట్టినవా?"

"పెట్టిన. మేడం మల్ల పెట్టింది."

"ఇద్దరియి కలిసినయా?"

"కలిసినయి."

ఆయన కన్ను తీసి, మొదటిసారి మేడం వైపు గౌరవంగా చూశాడు. "రొండుసార్లు లెక్కవెట్టేటోళ్లను నమ్మాలె" అన్నాడు. మా గోడకు ఉన్న సర్టిఫికెట్లన్నీ కలిపినా ఆమెకు అంత సంతోషం ఇచ్చి ఉండవు. పైకి మాత్రం కళ్లద్దాలు తుడుచుకుంది.

తరువాత ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని విషయం చెప్పింది. ఇది ఇంకా క్యాన్సర్ కాదు. పొర అడుగున ఒక సన్నని గోడ ఉంటుంది. కణాలు దాన్ని దాటి కిందికి దిగితేనే ఆ పేరు పెడతాం. ఇవి దాటలేదు. కానీ రెండు గుర్తులూ మంచివి కావు. ఇప్పుడైతే కండ జోలికి పోకుండా పెదవి పైపొరను మాత్రం చెక్కేసి, నోటి లోపలి పొరను ముందుకు లాగి కుడతారు. పిలుపు దాదాపుగా మిగులుతుంది. గోడ దాటాక వస్తే కండ కూడా కోయాలి. అప్పుడు పిలుపు గురించి మాట ఇవ్వలేను.

"ఎప్పుడు దాటుతది?" అన్నాడు.

"చెప్పలేను."

"దాటుతదా?"

"చాలామందికి దాటదు. మీకు దాటొచ్చు అంటున్నయి ఈ గుర్తులు. అంతే."

"అంటె మీకు తెల్వది."

"తెల్వది" అంది మేడం. డాక్టర్లు అంత సులువుగా అనే మాట కాదది.

ఇలాంటి చోట ఏదో ఒకటి అని నవ్వించడం నాకు అలవాటు. ఆ రోజు పలకలు తీసి డబ్బాలో సర్దాను. ఆయన పెదవిని నొక్కుకుని, అలాగే పట్టుకుని కూచున్నాడు. వచ్చే సోమవారం మందతో మహదేవపూర్ అడవి దిక్కు వలస పోవాలి. ఇక్కడ మేత అయిపోయింది. తిరిగి రావడం తొలకరి పడ్డాకే.

"వానలు వడ్డంక వస్త" అన్నాడు చివరికి. "తెల్వనిదానికి మందను ఎండవెట్టుకుంటనా?"

అప్పుడు గోడ దగ్గర నుంచి గొంతు వచ్చింది.

"ఏందయ్యా. నిరుడు ఒగ గొర్రెకు ముక్కు కారితె ఏంజేసినవ్?"

ఆయన తల తిప్పలేదు. "వేరె కట్టేసిన."

"రోగం తేలినంక కట్టినవా, తేలకముందే కట్టినవా?"

"తేలేదాంక మందల ఉంచుతరానే ఎవలన్న?"

"మరి?"

"దాని మూతి కొయ్యలె గద నేను."

"దాని మూతితోని మంద నడువది" అంది ఆమె. "నీ మూతితోని నడుస్తది."

మేడం నా వైపు చూసింది. ఒక ఎమ్మెస్సీ, ఒక ఎండీ ఉండి ఈ మాట తట్టలేదే అన్నట్టు.

"మందను ఎవలు తోల్తరే మరి?"

"నేను తోల్త."

"నీకు పిలుపు రాదు."

"రాకుంటె రాకపాయె. ఉరుకుత."

ఆయన అప్పుడు నా వైపు తిరిగాడు. "నీ గొర్రె అయితె ఏంజేస్తవ్ సారూ?"

"నాకు గొర్లు లేవు కాకా."

"అందుకే అడుగుతున్న. ఉన్నోనికి పానం గొట్టుకుంటది."

వేరు కట్టేస్తానన్నాను. ఆ వారం ఆయన అడవికి పోలేదు. సోమవారం మంద ముందు భార్య నడిచింది, వెనుక పక్క ఊరి కాపరులు ఇద్దరు తోడు వెళ్లారు. మంగళవారం ఆయన ఆపరేషన్ బల్ల ఎక్కాడు.

చెక్కిన పైపొర మొత్తం ఒక సన్నని పట్టీగా నా దగ్గరికే వచ్చింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా తరిగి, రంగు వేసి చూశాం. అంచులు శుభ్రంగా ఉన్నాయి. నడుమ ఒక్కచోట మాత్రం అడుగు గోడ పలుచబడి, గోధుమరంగు గింజలున్న కణాలు గుంపుగా దాని మీదికి ఒరిగి ఉన్నాయి. సంత రోజు గేటు మీద జనం ఒరిగినట్టు. మేడం ఆ చోటును చాలాసేపు చూసింది. "తొలకరి దాకా ఆగేది కాదు" అంది. రిపోర్టులో అలా రాయకూడదు. రాయలేదు. నేను ఆమెకు సమోసా తెప్పించాను.

కుట్లు విప్పించుకున్నాక ఆయన మా దగ్గరికి వచ్చాడు. తెల్లపెదవి పోయి, చంటిపిల్లల పెదవిలా గులాబిరంగు వచ్చింది. "అంగికి కాలర్ మాసితె తిప్పి కుట్టరా, గట్ల కుట్టిండ్రు" అని అటెండరుకు వివరిస్తున్నాడు. పిలుపు సంగతి అడిగాను. డాక్టరు నెల దాకా పెదవిని కదపొద్దన్నాడట. ఆయన నెలా పదిహేను రోజులు ఆగాడు. గొంగడి కప్పుకునే మనిషికి టోపీ పెట్టుకోమని, పెదవికి మందు రాసుకోమని చెప్పి పంపాను. టోపీ పెట్టుకున్నాడు. మీద గొంగడి కూడా కప్పుకున్నాడు.

తొలకరి పడి భార్య మందను తోలుకుని మొగుళ్లపల్లి దిక్కు ఒక చెరువు అంచు శిఖం నేలలోకి వచ్చిందని, అక్కడే మొదటిసారి పిలుస్తానని ఫోను చేశాడు. రమ్మనలేదు. ఏ రోజు, ఏ బస్సు దిగి ఎటు నడవాలో మాత్రం చెప్పాడు. సెలవు పెట్టాను. కారణం దగ్గర "ఫాలో అప్" అని రాశాను.

నేను వెళ్లేసరికి మంద నీళ్ల అంచున చెదిరి ఉంది. ఆమె ఒక రాయి మీద కూచుని కాలిముల్లు తీసుకుంటోంది. ఆరు వారాల్లో ఇంకా బక్కచిక్కింది, ఇంకా నల్లబడింది. ఆయన గట్టు మీద నిలబడ్డాడు. బొటనవేలితో కొత్త పెదవిని నొక్కి చూసుకున్నాడు. నా పని పలకతో అయిపోతుంది. ఆ తరువాత జరిగేది చూసే అలవాటు నాకు లేదు.

ఆయన పెదవులు కలిపాడు. మొదట గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి కూడా. మూడోసారి బుర్ర్ర్ మని మోగింది. జనగామ బెంచీల దగ్గర విన్నదే. తబలా మీద వేలు రాసినట్టు మొదలై, చివర పైకి లేచి తెగింది. ఇంకోసారి చేశాడు, మరీ నిండుగా. పెదవి పూర్తిగా గెలిచింది. చప్పట్లు కొట్టబోయి ఆగాను.

గొర్రెలు తలలు ఎత్తాయి. ఆయనను చూశాయి. తరువాత అన్నీ కలిసి ఆమె వైపు చూశాయి.

ఆయన మళ్లీ పిలిచాడు. అవి మళ్లీ ఆమె వైపే చూశాయి. పెద్దాయన ఏదో అంటున్నాడు, ఏం చేద్దాం అని అడుగుతున్నట్టు.

ఆమె ముల్లు తీయడం ఆపి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. "నేనేం జేతునయ్యా. నాకు నీ లెక్క బుర్రుమనుడు రాదు. అడివిల ఏదో ఒకటి చెయ్యాలె గద, నాలికెతోని టక్కుమనిపిచ్చిన. అలవాటు వడ్డయి."

ఆయన కాసేపు మందను, కాసేపు ఆమెను చూశాడు. నా వైపు తిరిగి, మామూలు గొంతుతో అన్నాడు:

"గీ గుర్తు మీ రంగుల కనవడలె గద సారూ."

కనపడలేదని ఒప్పుకున్నాను.

పొద్దు వాలుతోంది. ఆమె చెప్పులు తొడుక్కుని, గొంగడి భుజాన వేసుకుని లేచింది. నాలుకతో ఒకసారి టక్కుమనిపించింది. మూడు వందల గొర్రెలు కదిలాయి. ఆయన పెదవిని ఒకసారి నొక్కి చూసుకుని, టోపీ సర్దుకుని, తానూ కదిలాడు.